ట్రాన్స్‌ఫర్ ఫీజు ఎవరు ఎవరికి కట్టాలి?

ప్రశ్న:

అమ్మా, నమస్కారం. మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. ఏడెకరాల చెరువు కౌలుకు తీసుకుని రొయ్యలు వేస్తాను. నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరిదీ ఇప్పుడు ఒకటే గొడవ.

అబ్బాయికి 19 ఏళ్లు. కబడ్డీలో రైడరు. 15వ ఏట ఒక ప్రైవేటు అకాడమీలో చేర్చాం. మొదటి ఏడాది నెలకు 2,500 కట్టాను. తర్వాత "కుర్రాడు బాగా ఆడుతున్నాడు, డబ్బు వద్దు" అని ఆయనే అన్నాడు. 16వ ఏట స్టాంపు కాగితం మీద వాడి చేత సంతకం చేయించారు, నేను సాక్షి సంతకం పెట్టాను. వేరే జట్టుకు వెళ్తే 4 లక్షలు ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టాలని అందులో ఉంది. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక జట్టు వాళ్లు నెలకు 18 వేలు, వసతి ఇస్తామంటున్నారు. 4 లక్షలు కట్టి తీసుకెళ్లమంటున్నాడు అకాడమీ ఆయన. వాడి ఇంటర్ సర్టిఫికెట్లు ఆయన దగ్గరే ఉన్నాయి. నెయ్‌మార్‌కి 222 మిలియన్ యూరోలు కట్టలేదా, పవన్ సెహ్రావత్ రెండున్నర కోట్లకు పైగా అమ్ముడుపోలేదా అంటాడు.

అమ్మాయి కాకినాడ వైపు ఒక రొయ్యల కంపెనీ ల్యాబ్‌లో చేస్తోంది. మూడేళ్ల బాండు, మధ్యలో మానేస్తే 2 లక్షలు. 26 నెలలు అయింది. ఇంకో కంపెనీ వాళ్లు జీతం 12 వేలు ఎక్కువ ఇస్తాం, బాండు డబ్బు మేమే కడతాం అంటున్నారు. మానేశాక రెండేళ్లు ఏ రొయ్యల కంపెనీలోనూ చేరకూడదని కాగితంలో ఉందని ఉన్న కంపెనీ బెదిరిస్తోంది. ఈ ట్రాన్స్‌ఫర్ ఫీజులు అసలు న్యాయమేనా? మేం కట్టాలా?

సమాధానం:

తేలిగ్గా చెప్పగలిగింది ముందు చెప్పేస్తాను. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, అబ్బాయి కోసం ఆ 4 లక్షలు మీరు కట్టనక్కర్లేదు. అమ్మాయి విషయంలో కొంత కట్టాల్సి రావచ్చు, అది తగ్గించుకునే దారి ఉంది. ఎందుకో మీకు అర్థమైతే రేపు అకాడమీ ఆయన ఎదుట కూర్చున్నప్పుడు గొంతు తడబడదు. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు కౌలు చెరువు చేస్తున్నారు కాబట్టి దాంతోనే చెబుతాను. మూడేళ్లకు కౌలు రాసుకున్నారు. ఏడాదిన్నర గడిచేసరికి ఇంకొకాయన వచ్చి ఆ చెరువు తనకిచ్చేయమన్నాడు. భూమి గలాయనకీ అభ్యంతరం లేదు. మిగిలిన ఏడాదిన్నర మీ హక్కు కదా, దాన్ని వదులుకోవడానికి ఇంత అని అడుగుతారు. అది న్యాయమే, వచ్చినాయన ఇస్తాడు కూడా. అదే మూడేళ్లూ నిండిపోయి, మీ మోటార్లు, ఏరియేటర్లు ట్రాక్టరు మీద ఎక్కించుకుని వెళ్లిపోయాక, కొత్త కౌలుదారు మీకు డబ్బెందుకిస్తాడు? అడిగితే గట్టు మీద నలుగురూ ఏమంటారు?

ఆటల్లో ట్రాన్స్‌ఫర్ ఫీజు అంటే ఇదే. ఒప్పందంలో ఇంకా మిగిలి ఉన్న కాలాన్ని పాత జట్టు వదులుకుంటుంది, దానికి కొత్త జట్టు డబ్బిస్తుంది. మనిషికి కట్టిన ఖరీదు కాదది. అకాడమీ ఆయన చెప్పిన ఫుట్‌బాల్ ఆటగాడు నెయ్‌మార్ సంగతే చూడండి. 2017లో ఫ్రాన్స్‌లోని పీఎస్‌జీ జట్టుకు వెళ్లేనాటికి స్పెయిన్ జట్టు బార్సిలోనాతో ఆయన ఒప్పందం 2021 దాకా ఉంది. మధ్యలో వదలాలంటే 222 మిలియన్ యూరోలు అని ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు, అదే కట్టారు. ఇక అదే పీఎస్‌జీ నుంచి ఎంబాపే 2024లో రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు. ఒప్పందం అయిపోయింది కాబట్టి పీఎస్‌జీకి ట్రాన్స్‌ఫర్ ఫీజు కింద ఒక్క యూరో రాలేదు. ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్లలో ఒకడు, ఫీజు సున్నా. కాగితం మీద రోజులు మిగల్లేదు, అంతే.

పవన్ సెహ్రావత్ మాట అసలు ఈ లెక్కలోకే రాదు. 2023 ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ ఆయనకు పాడిన 2 కోట్ల 60 లక్షల 50 వేలు ఆ సీజన్‌లో ఆడినందుకు ఆయనకు ఇచ్చే డబ్బు. పాత జట్టు చేతికి వెళ్లేది కాదు. మనం "అమ్ముడుపోయాడు" అనేసరికి ఎవరో ఎవరికో అమ్మారు, మధ్యలో ఎవరికో ముట్టింది అనిపిస్తుంది. ఆ మాట వాడుకలోంచి పోతే బాగుండునని నాకు ఎప్పటినుంచో ఉంది. ఆటగాడికి వచ్చే డబ్బూ, జట్టుకు వచ్చే డబ్బూ పక్కపక్కనే ఉన్న సందర్భం కావాలంటే హార్దిక్ పాండ్యా గుజరాత్ టైటాన్స్ నుంచి 2023 నవంబరులో ముంబై ఇండియన్స్‌కు మారినప్పటిది గుర్తు చేసుకోండి. ఆయన ఏడాది జీతం 15 కోట్లు ఆయనది. ముంబై గుజరాత్‌కు ఇచ్చుకున్నది వేరే, ఆ మొత్తం ఎంతో బయటపెట్టలేదు. మీ వాడి కాగితంలో మొదటి రకం డబ్బు ఎక్కడుంది? నెలకు ఇంత ఇస్తాం అని అకాడమీ ఎక్కడైనా రాసిందా? రాయకపోతే వాడు వాళ్ల దగ్గర ఉద్యోగంలో లేడు, మరి వదులుకోవడానికి వాళ్ల దగ్గర ఏముంది?

ఇక్కడ నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 1970 ప్రాంతం. రాజోలు దగ్గర మా తాతగారి ఊరు. మా ఇంట్లో ఒక పాలేరు ఉండేవాడు, తాత దగ్గర అప్పు వాడుకున్నాడు. పక్క ఊరి రైతు ఒకాయన అతన్ని తన దగ్గర పెట్టుకుందామని వచ్చాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. వచ్చినాయన రొంటిన దోపుకున్న గుడ్డ సంచి తీసి, వేలు తడి చేసుకుంటూ పది రూపాయల నోట్లు 34 లెక్కపెట్టి తాత చేతిలో పెట్టాడు. తాత మళ్లీ లెక్కపెట్టుకుని లోపలికి వెళ్లి ప్రోనోటు తెచ్చి చింపాడు. పాలేరు అరుగు కింద తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ నోట్లు అతని కళ్లెదుటే ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్లాయి. వెళ్తావా అని ఎవరూ అతన్ని అడగలేదు. అప్పు తీరలేదు, అతనితోపాటు పక్క ఊరికి వెళ్లింది. అప్పుకింద మనిషిని పనికి కట్టేసే పద్ధతిని 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం నేరం చేసింది. నాకు ఇప్పటికీ ఎక్కడ బాండు కాగితం కనపడినా ఆ అరుగు గుర్తొస్తుంది.

ఫుట్‌బాల్‌లోనూ అలాంటి రోజులు ఉండేవి. బెల్జియంలో జాన్ మార్క్ బోస్మాన్ అనే ఆటగాడు. 1990లో లియేజ్ జట్టుతో అతని ఒప్పందం ముగిసింది. కొత్త ఒప్పందం కావాలంటే జీతం నాలుగో వంతుకు తగ్గిస్తామన్నారు. ఫ్రాన్స్‌లోని డంకెర్క్ జట్టుకు పోతానంటే ట్రాన్స్‌ఫర్ ఫీజు తెమ్మన్నారు. ఒప్పందం అయిపోయాక కూడా! అతను కోర్టుకెక్కాడు. ఐదేళ్లు తిరిగాక 1995 డిసెంబరు 15న యూరప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది: ఒప్పందం ముగిశాక ఐరోపా యూనియన్‌లోని ఒక దేశపు ఆటగాడు ఇంకో దేశపు జట్టుకు వెళ్తుంటే ఫీజు అడగడానికి వీల్లేదని. ఎంబాపే ఫీజు లేకుండా కదలగలిగాడంటే ఆ బోస్మాన్ చలవే. ఆయన సొంత ఆటజీవితం మాత్రం ఆ పోరాటంలోనే కరిగిపోయింది. నాకు ఆయనంటే చాలా గౌరవం.

ఇప్పుడు మీ అబ్బాయి కాగితానికి వద్దాం. సంతకం పెట్టేనాటికి వాడికి 16 ఏళ్లు. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, దాని 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. మైనరు రాసిన ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లోనే అప్పటి పై కోర్టు ప్రివీ కౌన్సిల్ చెప్పింది, ఇప్పటికీ అదే నిలిచింది. అకాడమీ వాళ్లు కోర్టుకు వెళ్తామంటే వెళ్లనివ్వండి. మీరు పెట్టింది సాక్షి సంతకం. సాక్షి అంటే ఫలానా వాడు నా ఎదుట సంతకం చేశాడని చెప్పడం వరకే. జామీను సంతకమైతే వేరే చర్చ అయ్యేది. అందుకని ఆ కాగితం ఫొటో ఒకటి సంపాదించి, మీ పేరు పక్కన ఏ మాట రాసి ఉందో కళ్లారా చూసుకోండి. తిండికీ వసతికీ పెట్టిన ఖర్చు అడగడానికి 68వ సెక్షన్‌లో కొంత దారి ఉంది కానీ, అది కూడా మైనరు పేరున ఆస్తి ఉంటే దాంట్లోంచే.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. వాడికిప్పుడు 19. ఇవాళ వాడు పెట్టే సంతకం చెల్లుతుంది. "పాత కాగితం పోయింది, కొత్తది రాసుకుందాం", "సర్టిఫికెట్లు ఇస్తాం, ఇక్కడో సంతకం పెట్టు" అంటే పెట్టవద్దని చెప్పండి. చదివే ఓపిక లేకుండా గ్రౌండ్ పక్కన బైకు సీటు మీద పెట్టి సంతకం చేసిన కాగితాలు నేను కోర్టులో పనిచేసినన్నాళ్లూ ఎన్నో చూశాను. ఇంటర్ సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకునే వస్తువులు కావు. ముందు నోటిమాటగా అడగండి. ఇవ్వకపోతే వారం గడువు పెట్టి స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. అప్పటికీ ఇవ్వకపోతే లాయరు నోటీసు, పోలీసు ఫిర్యాదు. చాలాసార్లు ఆ మొదటి ఉత్తరంతోనే సర్టిఫికెట్లు ఇంటికి వస్తాయి. జిల్లా మారుతున్నందుకు కబడ్డీ సంఘం వాళ్లు ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, అడిగితే అది సంఘం నుంచి తెచ్చుకోవాల్సింది, అకాడమీ నుంచి కాదు. ఆ రెండూ కలిపి మాట్లాడితే ఒప్పుకోకండి.

చట్టం సంగతి అయింది. అయితే ఇంతటితో వదిలేస్తే నాకే తృప్తిగా ఉండదు. మూడేళ్లు మీ దగ్గర రూపాయి తీసుకోకుండా మీ వాడికి నేర్పాడాయన. గుడ్డు, పాలు, మోకాళ్ల పట్టీలు, ఆడడానికి చాప, టోర్నమెంటుకు బస్సు ఛార్జీలు ఎవరు పెట్టారు? సంక్రాంతి పోటీల్లో వాడు బోనస్ గీత దాటి వచ్చినప్పుడు మీకంటే ముందు లేచి అరిచింది ఆయనే అయ్యుంటాడు. 4 లక్షలు అడగడం తప్పు. నాకేమీ రాదా అని ఆయన మనసులో ఉన్న బాధ తప్పు కాదు.

ఫుట్‌బాల్‌లో నాకు అన్నిటికంటే నచ్చే ఏర్పాటు ఇక్కడే ఉంది. ఒప్పందం నడుస్తుండగా ఆటగాడు ఫీజు మీద ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారితే, ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా నియమాల ప్రకారం ఆ ఫీజులో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య నేర్పిన జట్లన్నిటికీ పంచాలి. 12 నుంచి 15 ఏళ్ల మధ్య నేర్పిన ఒక్కో ఏడాదికి ఫీజులో పావు శాతం, 16 నుంచి 23 దాకా ఒక్కో ఏడాదికి అర శాతం. ఎక్కడో చిన్న ఊళ్లో పిల్లలకు బంతి తన్నడం నేర్పిన క్లబ్బుకు కూడా ఆ వాటా వెళ్తుంది. దాన్ని కట్టేది కొనుక్కున్న జట్టు. ఆటగాడు కాదు, వాడి నాన్న అసలే కాదు. మన ఊళ్ల కబడ్డీ కోర్టుల దాకా అలాంటి పద్ధతి రాకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. నేర్పినందుకు గౌరవంగా దక్కే దారి లేక, పట్టి ఉంచి లాగే దారిలోకి వీళ్లు వెళ్తున్నారు.

అందుకని విశాఖ వాళ్లతో మాట్లాడేటప్పుడు మీరే ఈ మాట ఎత్తండి. "వీడికి నేర్పిన మాస్టారికి మీ తరఫున ఏమైనా ఇస్తారా? నగదు కుదరకపోతే ఆయన పిల్లలకు ఒక చాప కొనిపెట్టండి" అని అడగండి. వాళ్లు కాదంటే, మీ వాడి జీతంలోంచి ఓ ఏడాది పాటు నెలకు రెండు వేలు ఆయనకు పంపడం మీ ఇంట్లో మాట్లాడుకోండి. ఇది బాకీ అని ఎక్కడా రాయవద్దు, బాకీగా ఒప్పుకోవద్దు. బ్యాంకు ద్వారానే పంపండి. సర్టిఫికెట్లు చేతికి వచ్చాకే ఆ మాట చెప్పండి, ముందు చెబితే అది బేరమైపోతుంది. ఆయన దగ్గరికి మీరొక్కరే వెళ్లకండి, అబ్బాయిని తీసుకెళ్లండి. మాట్లాడాల్సింది వాడే. అరుగు కింద నిలబడే వాడుగా మీ అబ్బాయి ఉండకూడదు.

అమ్మాయి సంగతి దీనికి పూర్తిగా వేరు. ఆమె పెద్దదయ్యాకే సంతకం చేసింది, జీతం తీసుకుంటోంది, ఒప్పందంలో 10 నెలలు మిగిలే ఉన్నాయి. అంటే కౌలు గడువు ఇంకా ఉంది. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో తీర్పు ఇచ్చింది. అక్కడా మూడేళ్లు చేయాలి, మధ్యలో వెళ్తే 2 లక్షలు కట్టాలి అన్న షరతే. అది చెల్లుతుందని కోర్టు అన్నది. అది ప్రభుత్వ బ్యాంకు, మళ్లీ పరీక్ష పెట్టి మనిషిని తీసుకోవడానికి ఖర్చు అవుతుందన్న కారణం అక్కడ ఉంది. మీ అమ్మాయి కంపెనీ ప్రైవేటుది. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో ఎంత రాసినా అంతకు మించకుండా, సబబైన పరిహారమే ఇప్పించాలి. ఆమె మీద శిక్షణకు నిజంగా ఎంత పెట్టారు, ఎన్ని నెలలు చేసింది అన్నవి ఆ లెక్కలోకి వస్తాయి. అయినా చెల్లదులే అనుకుని చెప్పకుండా మానేస్తే మాత్రం చిక్కుల్లో పడతారు.

బేరానికి మీ చేతిలో ఒక మంచి లెక్క ఉంది. 36 నెలల్లో 26 చేసింది, మిగిలినవి 10. 2 లక్షలను 36 వాటాలు చేస్తే అందులో 10 వాటాలు అంటే 55,555 రూపాయలు. ఫుట్‌బాల్ జట్లు తమ లెక్కల పుస్తకాల్లో చేసేదీ ఇదే. ఐదేళ్ల ఒప్పందానికి 100 మిలియన్లు ఫీజు కడితే ఏడాదికి 20 చొప్పున ఖర్చు రాసుకుంటారు, మూడేళ్లు గడిచేసరికి పుస్తకంలో మిగిలేది 40 మాత్రమే. 26 నెలల పని చేయించుకుని మొదటి రోజు లెక్కే అడగడం సబబు కాదని అమ్మాయి మర్యాదగా మెయిల్‌లో రాయాలి. ఫోన్‌లో కాదు. 55 వేలు అని మొదలుపెడితే, కాస్త అటూ ఇటూగా తేలే అవకాశం ఉంది.

"మానేశాక రెండేళ్లు ఏ రొయ్యల కంపెనీలోనూ చేరకూడదు" అన్న షరతుకు భయపడకండి. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషిని తన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్ విషయంలో 2006లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆయన వ్యవహారాలు చూసిన సంస్థతో ఒప్పందం 2003లో ముగిసింది, ఆ తర్వాత కూడా ఇంకెవరితో చేరాలన్నా ముందు మాకే అవకాశం ఇవ్వాలి అని ఆ సంస్థ పట్టుబట్టింది. ఒప్పందం ముగిశాక అలాంటి కట్టుబాటు నిలవదని కోర్టు తేల్చింది. అయితే ఒప్పంద కాలం నడుస్తుండగా పోటీ కంపెనీలో చేరితే కోర్టు ఆపిన సందర్భం ఉంది, 1967 నాటి గోలికారీ కేసు. కాబట్టి ముందు రాజీనామా, నోటీసు కాలం పని, బాండు లెక్క తేల్చుకోవడం, రిలీవింగ్ లెటర్. ఆ తర్వాతే కొత్త ఉద్యోగం. రాజస్థాన్ రాయల్స్ ఆటగాడిగా ఉండగానే వేరే జట్టుతో మాట్లాడుకున్నాడని రవీంద్ర జడేజాను 2010 ఐపీఎల్ సీజనంతా ఆడనివ్వలేదు. అంతటి ఆటగాడికే ఒక ఏడాది పోయింది. కొత్త కంపెనీ ఎంత తొందరపెట్టినా అమ్మాయి రెండు పడవల్లో కాళ్లు పెట్టకూడదు. కంపెనీ ఇబ్బంది పెడితే దగ్గరి కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీకి వెళ్లమనండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయర్ని ఇస్తారు.

నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది అసలు కొత్త కంపెనీ. "బాండు డబ్బు మేమే కడతాం" అన్నది తియ్యటి మాట. కట్టి, ఆ మొత్తాన్ని అమ్మాయి పేర అడ్వాన్సుగా రాసుకుని, మళ్లీ రెండేళ్ల బాండు పెడితే? ఆ అప్పు ఆమెతోపాటు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లినట్టే. ఆ డబ్బు పాత కంపెనీకి నేరుగా వాళ్లే పంపాలి, దాన్ని ఆమె జీతంలోంచి కోయబోమని, మధ్యలో వెళ్లినా తిరిగి అడగబోమని రాసివ్వాలి. ఖాళీ చెక్కు ఒక్కటి కూడా ఇవ్వవద్దు. వాళ్లు అలా రాసివ్వకపోతే, 10 నెలలు ఆగి బాండు పూర్తి చేసుకుని బయటికి రావడమే మేలని నా అభిప్రాయం. అప్పుడు ఎవరికీ రూపాయి కట్టనక్కర్లేదు, జీతం బేరం కూడా ఆమే ఆడుకోవచ్చు.

ఆ ఆఫర్ లెటర్ రాగానే, సంతకం చేయకముందే నాకు ఫొటో తీసి పంపమనండి. మొదటి పేజీ ఒక్కటే చాలదు. వెనక చిన్న అక్షరాలతో ఉండే పేజీలు కూడా కావాలి.